బంతి వాళ్లకు, ఖాళీ మనకు: రక్షణాత్మక ఎదురుదాడికి ఫుట్‌బాల్ జట్టును సిద్ధం చేసే పద్ధతి

2015-16 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మొదలయ్యేటప్పుడు, లెస్టర్ సిటీ టైటిల్ గెలిస్తే పౌండుకు ఐదు వేల పౌండ్లు ఇస్తామని పందేల కంపెనీలు ధర కట్టాయి. ఆ జట్టు 38 మ్యాచ్‌లలో 23 గెలిచింది, 12 డ్రా చేసుకుంది, మూడే ఓడింది. 81 పాయింట్లతో విజేతగా నిలిచినప్పుడు రెండో స్థానంలోని ఆర్సెనల్ పది పాయింట్లు వెనకబడి ఉంది. మనకు కావలసిన విషయం మరొకటుంది: లీగ్ మొత్తంలో బంతిని అతి తక్కువసేపు తమ దగ్గర ఉంచుకున్న జట్లలో లెస్టర్ ఒకటి. కోచ్ క్లాడియో రానియెరి ఆడించిన ఆ 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) ఆటనే నమూనాగా పెట్టుకుని, కాలేజీ జట్టుకో ఊరి క్లబ్బుకో ఇలాంటి ఆట నేర్పడం ఎలాగో వివరిస్తాను. అవసరమైన చోట వేరే జట్ల ఉదాహరణలూ తీసుకుంటాను.

ఎదురుదాడి అంటే ప్రత్యర్థి దాడిని ఆపి, బంతి చిక్కగానే వాళ్లు వదిలిన ఖాళీలోకి దూసుకెళ్లడం. ఆ మాట అనగానే చాలామంది కోచ్‌లు మొత్తం జట్టును వెనక్కి లాగేస్తారు. అందరూ గోల్ ముందు గుమిగూడతారు, దొరికిన బంతిని దొరికినట్టు ముందుకు బాదుతారు. అక్కడ అందుకునేవాడు లేక అది పది సెకన్లలో తిరిగి వస్తుంది. ఆ రకం ఆటలో గోల్ పడడం ఆలస్యం అవుతుందేమో గానీ ఆగదు. నా దృష్టిలో ఎదురుదాడికి పునాది బంతి చిక్కక ముందే పడుతుంది. ప్రత్యర్థి కాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు మన ఫార్వర్డ్ ఎక్కడ నిలబడ్డాడు, అతనికి బంతి అందించగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడు అన్నదే తర్వాతి గోల్‌ను సగం నిర్ణయిస్తుంది. కింద చెప్పే ప్రతి అడుగునూ ఆ లెక్కతోనే చూడండి.

1. ముందు మనుషుల్ని చూడండి, తర్వాత బోర్డు మీద గీయండి

ఈ ఆటకు పదకొండు మంది గొప్ప ఆటగాళ్లు అక్కర్లేదు. ఐదు పనులు చేయగలవాళ్లు కావాలి.

మొదటివాడు వేగం ఉన్న ఫార్వర్డ్. లెస్టర్‌లో జేమీ వార్డీ ఆ సీజన్‌లో 24 లీగ్ గోల్స్ కొట్టాడు. మూడేళ్ల ముందు అతను ప్రీమియర్ లీగ్‌కు ఆమడ దూరంలో, ఐదో అంచెలో ఉన్న ఫ్లీట్‌వుడ్ టౌన్ నుంచి వచ్చినవాడు. వేగమొక్కటే చాలదు. పదిసార్లు పరిగెత్తితే ఎనిమిదిసార్లు బంతి రాదు, అయినా పదకొండోసారి అదే ఊపుతో పరిగెత్తే ఓర్పు ఉండాలి. ఎంపిక చేసేటప్పుడు ముప్పై మీటర్ల పరుగు ఒక్కసారి పెట్టి ఊరుకోకండి. నిమిషం విరామంతో ఎనిమిదిసార్లు పెట్టండి. చివరి రెండు పరుగుల్లో ఎవరు తక్కువ తగ్గారో చూడండి.

రెండోవాడు బంతిని లాక్కునేవాడు. ఫ్రాన్స్‌లోని కాన్ క్లబ్బు నుంచి వచ్చిన ఎన్‌గోలో కాంటే ఈ పని చేశాడు. అతను ఎంత మైదానం కాచేవాడంటే, మిడ్‌ఫీల్డ్‌లో మేం ముగ్గురితో ఆడతాం, మధ్యలో డ్రింక్‌వాటర్, అటొక కాంటే, ఇటొక కాంటే అని సహాయ కోచ్ స్టీవ్ వాల్ష్ పరిహాసమాడాడు. మూడోవాడు ఆ డ్యానీ డ్రింక్‌వాటరే: తల ఎత్తి, రెండో స్పర్శలోనే ముందుకు పొడవైన పాస్ ఇవ్వగలవాడు. మన జట్లలో ఈ మనిషిని పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. ఆటగాళ్లలో ఎక్కువమందికి బంతి రాగానే కిందికి చూసే అలవాటు. ముప్పై మీటర్ల దూరంలో పరిగెత్తుతున్న మనిషి ముందు బంతిని వేయగలిగేవాడు మీ జట్టులో సెంటర్‌బ్యాక్‌గా (గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్‌గా) ఆడుతుంటే, అతన్ని వెంటనే మిడ్‌ఫీల్డ్‌లోకి తీసుకురండి.

నాలుగు, బంతితో పరిగెత్తగల వింగర్ (పక్క గీత వెంట ఆడే మిడ్‌ఫీల్డర్). రియాద్ మహ్రేజ్ 17 గోల్స్ కొట్టింది ఈ పాత్రలోనే. అవతలి వైపు మార్క్ ఆల్‌బ్రైటన్ లాంటి కష్టజీవి ఉంటే సరిపోతుంది. ఇద్దరూ మహ్రేజ్‌లైతే మీ ఫుల్‌బ్యాక్‌లు (పక్కల కాచే డిఫెండర్లు) అనాథలవుతారు. ఐదు, బంతిని పట్టుకున్నాక నేల మీద పడుకోకుండా లేచి విసిరే గోల్‌కీపర్. లెస్టర్‌కు కాస్పర్ ష్మైకెల్ ఉండేవాడు.

సెంటర్‌బ్యాక్‌ల మాట చెప్పలేదు కదా అంటారేమో. వెస్ మోర్గాన్, రాబర్ట్ హుత్ ఇద్దరూ వేగంలో సామాన్యులు. గాలిలో బంతికి మాత్రం రాళ్లు. వాళ్లను సగం గీత (మైదానాన్ని రెండుగా చీల్చే మధ్య గీత) దాకా ముందుకు పంపితే వెనక ఉన్న ఖాళీలో ఎవరైనా దాటేసేవారు. లోతుగా ఉంచి, పక్కల నుంచి గోల్ ముందుకు గాలిలో వచ్చే క్రాస్‌లను తలతో కొట్టే పని అప్పజెప్పడంతో ఆ నెమ్మది మరుగున పడిపోయింది. ఉన్నవాళ్ల లోపం బయటపడని చోట వాళ్లను నిలబెట్టడమే కోచ్ నేర్పు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే పని వేరే రకంగా చేశారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో అతను గోల్ కొట్టాడు.

2. వరుసలను మీటర్లలో కొలవండి

"దగ్గరగా ఉండండి" అని అరిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎంత దగ్గరో చెప్పాలి. పూర్తి మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అనుకుందాం. ప్రత్యర్థి బంతితో సగం గీత దగ్గర ఉన్నప్పుడు మన అమరిక ఇలా ఉండాలి:

- నలుగురు డిఫెండర్లు: మన గోల్ గీతకు 20 నుంచి 24 మీటర్ల ముందు. పెనాల్టీ బాక్స్ లోతు 16.5 మీటర్లు కాబట్టి, బాక్స్ గీతకు కాస్త ముందన్నమాట.
- నలుగురు మిడ్‌ఫీల్డర్లు: వాళ్లకు సుమారు పది మీటర్ల ముందు.
- ఇద్దరు ఫార్వర్డ్‌లు: మిడ్‌ఫీల్డ్‌కు మరో పది పన్నెండు మీటర్ల ముందు.

కూడితే ముందున్న ఫార్వర్డ్ మన గోల్‌కు దాదాపు 45 మీటర్ల దూరంలో, సగం గీతకు కాస్త ఇవతల ఉంటాడు. ఈ చోటుకు ఒక విలువ ఉంది. పాస్ ఇచ్చే క్షణంలో మన సగంలో ఉన్న ఆటగాడికి ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి ఆఖరి డిఫెండర్‌ను ముందే దాటి నిలబడి పాస్ అందుకోకూడదన్న నియమం) వర్తించదు. ప్రత్యర్థి డిఫెండర్లు ఎంత ముందుకు ఎక్కి వచ్చినా సరే, మనవాడు సగం గీతకు ఇవతలి నుంచి బయలుదేరితే సహాయ రిఫరీ జెండా ఎత్తలేడు. వాళ్ల వెనక మాత్రం సగం మైదానం ఖాళీ. ఈ ఒక్క నియమాన్ని ఫార్వర్డ్‌కు నల్లబల్ల మీద గీసి చూపించండి. చాలామందికి ఆఫ్‌సైడ్ నియమం వచ్చు గానీ, దాన్ని తమకు అనుకూలంగా వాడుకోవచ్చని తట్టదు.

వెడల్పులో మన నలుగురి వరుస 35 నుంచి 40 మీటర్లకు మించి సాగకూడదు. బంతికి దూరంగా ఉన్న వైపు 25 మీటర్లకు పైగా ఖాళీ మిగులుతుంది. మిగలనివ్వండి. అక్కడికి బంతి చేరాలంటే పొడవైన పాస్ గాలిలో రావాలి, ఆలోపు మన వరుస మొత్తం జరగగలదు. మధ్యలో ఐదు మీటర్ల సందు ఇస్తే మాత్రం బంతి నేల మీద సెకనులో దూరిపోతుంది.

ఇద్దరు ఫార్వర్డ్‌లలో ఒకడు కాస్త కిందికి దిగాలి. లెస్టర్‌లో షింజి ఒకజాకి చేసింది ఇదే. వార్డీ పైన కాచుకుంటే, ఒకజాకి ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్‌లో బంతిని నడిపించేవాడి పక్కనే తిరుగుతూ అతనికి పాస్ రాకుండా అడ్డం పడేవాడు. పేరుకు 4-4-2, బంతి లేనప్పుడు అది 4-4-1-1. ఒకజాకి ఆ సీజన్‌లో కొట్టినవి ఐదే లీగ్ గోల్స్. ఆ పాత్రను గోల్స్‌తో కొలిచే కోచ్ ముందు ఆటగాడిని చెడగొడతాడు, తర్వాత జట్టును.

మన కాలేజీ మైదానాలు చాలావరకు దీనికంటే చిన్నవి. అడుగులతో కొలుచుకుని అదే నిష్పత్తిలో తగ్గించండి. వరుసల మధ్య పది మీటర్లు అన్నది మాత్రం మైదానం చిన్నదైనా పెద్దగా మారదు. అది ఒక మనిషి రెండు సెకన్లలో చేరుకునే దూరం.

3. వరుస జరగడం నేర్పండి

నిలబడడం ఒక్క రోజులో వస్తుంది. జరగడానికి వారాలు పడుతుంది. బంతి కుడికి వెళితే పది మందీ కుడికి, వెనక్కి పాస్ ఇస్తే పది మందీ నాలుగడుగులు ముందుకు, ప్రత్యర్థి కాలు వెనక్కి ఎత్తి పొడవైన పాస్‌కు సిద్ధమైతే డిఫెండర్లు నాలుగడుగులు వెనక్కి. ఎవరి మనిషిని వాళ్లు పట్టుకుని తిరగడం ఇందులో లేదు. చూడవలసింది బంతిని, తర్వాత పక్కవాడిని, ఆ తర్వాతే ప్రత్యర్థిని.

కబడ్డీ ఆడినవాళ్లకు ఇది తేలికగా ఎక్కుతుంది. కూతకు వచ్చినవాడి మీదికి ఒక్కడే దూకితే పాయింటు పోతుంది. గొలుసు పట్టినవాళ్లు వాడిని లోపలికి రానిచ్చి, గీత దూరమయ్యాక కలిసి మూస్తారు. ఫుట్‌బాల్‌లో గొలుసు పట్టే చేతులు కనిపించవు, అంతే తేడా.

పక్కలకు బంతి వెళ్లినప్పుడు ఎవరు వెళ్లాలన్నది ముందే తేల్చుకోవాలి. మన ఫుల్‌బ్యాక్ బయటికి వెళతాడు. అతని వెనక సందులోకి సెంటర్‌బ్యాక్ జరుగుతాడు, అవతలి ఫుల్‌బ్యాక్ దూరపు గోల్‌పోస్ట్ ఎదురుకు వస్తాడు. వింగర్ దిగి వచ్చి ఇద్దరుగా మూస్తాడు. ఇంత చేశాక కూడా క్రాస్ వస్తే రానివ్వండి. హుత్, మోర్గాన్ లాంటివాళ్లు ఉన్నది అందుకే. నేల మీద మధ్యలోంచి వచ్చే పాస్‌తో పోలిస్తే గాలిలో పక్కనుంచి వచ్చే బంతి వల్ల ముప్పు తక్కువ.

లెస్టర్‌కు కూడా ఇది మొదటి రోజు నుంచే రాలేదు. తొలి తొమ్మిది లీగ్ మ్యాచ్‌లలో ప్రతిదాంట్లోనూ గోల్ ఇచ్చుకుంది, మొత్తం 17. ముందుకు దూసుకుపోయే ఫుల్‌బ్యాక్‌లు రిచీ డి లాట్, జెఫ్ ష్లుప్ ఆడేవారు. సెప్టెంబరు 26న ఆర్సెనల్ 5-2తో ఉతికి ఆరేశాక రానియెరి ఇద్దరినీ పక్కన పెట్టి, చోటు వదలని డ్యానీ సింప్సన్‌ను, క్రిస్టియన్ ఫుక్స్‌ను దించాడు. గోల్ ఇవ్వకుండా ఒక్క మ్యాచ్ ముగిస్తే పిజ్జా తినిపిస్తానని కూడా మాటిచ్చాడు. అక్టోబరు 24న క్రిస్టల్ ప్యాలెస్‌పై 1-0తో గెలిచి ఆటగాళ్లు ఆ పిజ్జా సంపాదించుకున్నారు. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి మిగిలిన 29 మ్యాచ్‌లలో లెస్టర్ ఇచ్చిన గోల్స్ 19. మార్చింది ఇద్దరు మనుషుల్ని, వాళ్ల అలవాటును.

మీ ఫుల్‌బ్యాక్‌లకు ముందుకు వెళ్లే సరదా ఉంటే సగం సీజన్ దాకా బిగపట్టండి. ఒకేసారి ఇద్దరూ వెళ్లకూడదు అన్నదొక్కటీ నేర్పినా నయమే.

4. బంతి ఎక్కడ లాక్కోవాలో మీరే నిర్ణయించండి

ఊరికే కాచుకుని కూర్చుంటే ప్రత్యర్థి తనకు నచ్చిన చోట తప్పు చేస్తాడు. మనకు నచ్చిన చోట చేయించాలి. అందుకు ఫార్వర్డ్‌లు బంతి వెంట పరిగెత్తడం మానాలి. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్ దగ్గర బంతి ఉంటే, మధ్యకు దారి మూసేలా వంపుగా వెళ్లి, అతనికి పక్క గీత వైపు పాస్ ఒక్కటే మిగల్చాలి. బంతి ఫుల్‌బ్యాక్‌కు చేరిందంటే ఒక పక్క గీతే మనకు అదనపు డిఫెండర్ అవుతుంది.

అప్పుడు కూడా ప్రతిసారీ దూకకూడదు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కనిపిస్తేనే వెళ్లాలి: బంతి ఆపేటప్పుడు అతని కాలి నుంచి మీటరు దూరం జారింది, అతను మన గోల్‌కు వీపు పెట్టి అందుకున్నాడు, అడ్డంగా ఇచ్చిన పాస్ నెమ్మదిగా దొర్లుతోంది, బలహీనమైన కాలి మీదికి బంతి వచ్చింది. కనిపించగానే ముగ్గురు కదలాలి. ఒకడు బంతి మీదికి, ఇద్దరు దగ్గరి పాస్‌ల దారిలోకి. ఒక్కడే వెళితే వరుసలో చిల్లు పడుతుంది, బంతీ రాదు, చోటూ పోతుంది.

కాంటే ప్రత్యేకత టాకిల్‌లో (ప్రత్యర్థి కాళ్ల దగ్గరి బంతిని కాలితో లాక్కోవడంలో) కంటే ముందు చూపులో ఉంది. ప్రత్యర్థి పాస్ ఇవ్వడానికి కాలు తిప్పుతుండగానే అతను ఆ దారిలోకి బయలుదేరేవాడు. టాకిల్‌తో లాక్కున్న బంతి ఎటో పోతుంది, దారిలో అందుకున్న బంతి మన కాలి దగ్గరే, మనం ముందుకు చూస్తుండగానే ఉంటుంది. ఎదురుదాడికి ఈ రెండో రకమే మేలు. అభ్యాసంలో దీన్ని విడిగా లెక్కపెట్టండి.

5. బంతి చిక్కాక: మొదటి పాస్, మూడు దారులు, ఒక నిర్ణయం

ప్రత్యర్థి దాడికి వచ్చినప్పుడు అతని ఫుల్‌బ్యాక్‌లు ముందుంటారు, మధ్యలోవాళ్లు చెల్లాచెదురై ఉంటారు. వాళ్లు తిరిగి కుదురుకోవడానికి కొన్ని క్షణాలే పడుతుంది. అందుకే మొదటి పాస్ ముందుకే వెళ్లాలి. పక్కకు ఇస్తే ఆ క్షణాలు కరిగిపోతాయి.

2015 నవంబరు 28న మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన మ్యాచ్‌లో వార్డీ వరుసగా పదకొండో లీగ్ మ్యాచ్‌లో గోల్ కొట్టి రికార్డు సృష్టించాడు. ఆ గోల్‌ను పాఠంగా చూడవచ్చు. యునైటెడ్ కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే కిక్) కొట్టింది. ష్మైకెల్ బంతిని గాలిలోనే పట్టుకుని, రెండడుగులు వేసి ఫుక్స్‌కు విసిరాడు. ఫుక్స్ ఎడమకాలి ఆటగాడు, అప్పటికి కుడి వైపు ఉన్నాడు. అయినా ఆగలేదు, ఖాళీ మైదానంలో బంతిని నడిపించుకుంటూ వెళ్లాడు. వార్డీ నేరుగా గోల్ వైపు వెళ్లలేదు. డిఫెండర్‌కు, ఫుల్‌బ్యాక్‌కు మధ్య ఉండవలసిన సందులోకి, కుడి పక్కగా ఒంపు తిరిగి పరిగెత్తాడు. ఫుక్స్ పాస్ అతని అడుగు తెగకుండా ముందు పడింది. అడ్డంగా ఒక షాట్, బంతి దూరపు పోస్ట్ లోపలికి.

మూడేళ్లలోపే, 2018 జూలై 2న రష్యాలోని రోస్తోవ్‌లో బెల్జియం, జపాన్ మధ్య ప్రపంచకప్ మ్యాచ్. జపాన్ 2-0 ఆధిక్యం పోగొట్టుకుని 2-2 దగ్గర ఉంది. తొంభై నిమిషాలు దాటాక కలిపిన ఇంజురీ టైమ్ చివరి క్షణాల్లో జపాన్ ఆటగాడు హోండా కార్నర్ కొట్టాడు. బెల్జియం కీపర్ కోర్త్వా పట్టుకుని వెంటనే డి బ్రూయ్‌నకు అందించాడు. డి బ్రూయ్‌న ఎవరూ అడ్డురాని మధ్య దారిలో సగం గీత దాటేశాడు. ఫార్వర్డ్ లుకాకు మొదట లోపలికి కోసుకుంటూ పరిగెత్తి ఒక డిఫెండర్‌ను తన వెంట లాక్కుపోయాడు, దాంతో కుడి పక్క మ్యూనియేకు దారి ఖాళీ అయింది. పాస్ అటు వెళ్లింది, అతను ఆపకుండానే నేల మీద లోపలికి కొట్టాడు. లుకాకు బంతిని తాకకుండా వదిలేశాడు, వెనక నుంచి వచ్చిన షాడ్లీ గోల్ చేశాడు. కీపర్ చేతుల నుంచి వల దాకా పది సెకన్లు పట్టలేదు.

రెండింటిలోనూ ఉమ్మడిగా కనిపించేది కీపర్ తొందర. ఇప్పుడు నియమం కూడా మారింది: 2025-26 నుంచి కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తారు. మీ కీపర్‌కు రెండు సెకన్ల లెక్క నేర్పండి, ఎనిమిది గుర్తుపెట్టుకునే అవసరమే రాదు.

ఇక పరుగుల సంగతి. ముగ్గురు పరిగెత్తితే మూడు దారుల్లో పరిగెత్తాలి: ఎడమ, మధ్య, కుడి. ముగ్గురూ మధ్యకు దూసుకొస్తే ఇద్దరు డిఫెండర్లు చాలు, అందరినీ కాయడానికి. బంతి ఉన్నవాడు డిఫెండర్ మీదికి సూటిగా వెళ్లాలి. డిఫెండర్ అతని వైపు కదిలాడా, పాస్. కదలలేదా, తనే ముందుకు. డిఫెండర్ నిర్ణయించుకోక ముందే పాస్ ఇచ్చేయడం మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. ముగ్గురు ఇద్దరి మీదికి వెళ్లి కూడా షాట్ లేకుండా తిరిగి వచ్చే దాడుల్లో ఎక్కువ ఇక్కడే చస్తాయి.

ముందుకు దారి లేనప్పుడు ఏం చేయాలో కూడా నేర్పాలి. బంతి చిక్కిన మూడు సెకన్లలో ముందుకు పాస్ కనిపించకపోతే దాడి అయిపోయినట్టే. అప్పుడు వెనక్కి ఇచ్చి, పది పదిహేను పాస్‌లు ఆడుకుని, ఊపిరి తీసుకోవాలి. ఎదురుదాడి జట్టు అంటే ప్రతి బంతినీ ముందుకే కొట్టాలనుకునే కోచ్‌ల జట్లు అరవై నిమిషాలకే కాళ్లీడుస్తాయి. మన ఎండల్లో అయితే నలభైకే.

దాడికి నలుగురైదుగురు వెళ్లినప్పుడు ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, ఒక ఫుల్‌బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్ వెనకే ఉండాలి. ఎదురుదాడికి ఎదురుదాడి తిని ఓడిపోవడం కంటే చిరాకు లేదు.

6. ప్రత్యర్థి కార్నర్‌కు పైన ఎవరిని ఉంచాలి

పై రెండు గోల్స్ చూశారు కాబట్టి దీన్ని విడిగా చెబుతున్నాను. ప్రత్యర్థి కార్నర్‌కు పదకొండు మందినీ బాక్స్‌లోకి లాగే అలవాటు మానండి. వేగమున్న ఫార్వర్డ్‌ను సగం గీత దగ్గర ఉంచండి. అతని కోసం ప్రత్యర్థి కనీసం ఇద్దరిని వెనక ఉంచుకోక తప్పదు, అంటే మన బాక్స్‌లోంచి ఒకరు తగ్గినట్టే. రెండోవాడిని బాక్స్ గీత బయట, బంతి బయటికి వస్తే అందుకునే చోట నిలబెట్టండి. అతను మీ డ్రింక్‌వాటర్ అయితే మరీ మంచిది.

7. వారంలో మూడు రోజుల సాధన

మొదటి రోజు ప్రత్యర్థులు లేకుండా. పది మందిని అమరికలో నిలబెట్టి, మీరు బంతి చేత్తో పట్టుకుని మైదానంలో నడవండి. మీరు ఎటు నడిస్తే జట్టు అటు జరగాలి. హఠాత్తుగా ఆగి "కదలొద్దు" అనండి. వరుసల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. పదిహేను మీటర్లు వచ్చిందా, ఎవరి వల్ల వచ్చిందో వాళ్లకే కనిపిస్తుంది. ఆటగాళ్లకు విసుగు పుట్టించే సాధన ఇది. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, కానీ ఏ వారమూ మానకండి.

రెండో రోజు సగం మైదానంలో ఎనిమిది మంది దాడి, ఆరుగురు డిఫెండర్లు, కీపర్. డిఫెండర్లు బంతి లాక్కుంటే సగం గీత మీద పెట్టిన రెండు చిన్న గోల్స్‌లో దేనిలోనైనా పది సెకన్లలో వేయాలి. వేస్తే వాళ్లకు రెండు పాయింట్లు. దాడి చేసేవాళ్లు గోల్ కొడితే ఒకటే. ఆ పాయింట్ల తేడా వల్ల డిఫెండర్లు బంతిని బాదడం మాని, తల ఎత్తి చూడడం మొదలుపెడతారు.

మూడో రోజు పూర్తి మైదానం. ఒక జట్టు కార్నర్ కొడుతుంది, మీ కీపర్ పట్టుకుంటాడు, అక్కడి నుంచి ఆట. పన్నెండు సెకన్లకు ఈల. షాట్ పడకపోతే మళ్లీ మొదటికి. ఇది అందరికీ నచ్చుతుంది, అందుకే చివర పెట్టాను. ఎనిమిది పది సార్లకు మించి చేయిస్తే వేగం పడిపోయి నడకగా మారుతుంది, ఆపేయండి.

8. మ్యాచ్‌లో లెక్క తప్పినప్పుడు

ముందు మనమే గోల్ ఇచ్చుకుంటే? అమరిక మార్చకండి, ఎత్తు మార్చండి. డిఫెండర్ల వరుసను ఎనిమిది పది మీటర్లు ముందుకు జరిపి, మిగతా దూరాలన్నీ అలాగే ఉంచండి. తొందరపడి మూడో ఫార్వర్డ్‌ను దించితే మిడ్‌ఫీల్డ్‌లో సందు పడి, ఉన్నదీ పోతుంది.

ఒకరు ఎర్రకార్డుతో వెళ్లిపోతే 4-4-1. పోగొట్టుకోవలసింది ఫార్వర్డ్‌నే, వరుసలు నాలుగు నాలుగుగానే ఉండాలి. 2010 ఏప్రిల్ 28న బార్సిలోనా మైదానంలో ఇంటర్ మిలాన్ 28వ నిమిషంలోనే తియాగో మోటాను కోల్పోయింది. గంటకు పైగా పది మందితో నిలబడి 1-0తో మాత్రమే ఓడి, రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు 3-2తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేరింది. ఆ రోజు వాళ్లకు ఎదురుదాడితో పనే లేదు, ఆధిక్యం చేతిలో ఉంది. మీకూ అలాంటి రోజు వస్తే దాడి గురించి మరిచిపోండి. అయితే ఇది ప్రతిసారీ ఫలించదు. 2016 ఫిబ్రవరి 14న ఆర్సెనల్‌పై 1-0 ఆధిక్యంలో ఉండగా సింప్సన్ ఎర్రకార్డు అందుకున్నాడు. లెస్టర్ 2-1తో ఓడింది. రెండో గోల్ 95వ నిమిషంలో పడింది.

9. ప్రత్యర్థి కూడా వెనక్కి వెళ్లి, బంతి మనకే వదిలేస్తే

ఈ ఆటకు అసలు పరీక్ష ఇదే. టైటిల్ గెలిచిన మరుసటి సీజన్‌లో కాంటే చెల్సీకి వెళ్లిపోయాడు. చాలా జట్లు లెస్టర్‌కు తమ వెనక ఖాళీ ఇవ్వడం మానేశాయి. పరిగెత్తడానికి చోటు లేని వార్డీ సగం వార్డీయే. 2017 ఫిబ్రవరిలో రానియెరిని తొలగించారు, జట్టు 12వ స్థానంలో ముగించింది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఫ్రీకిక్‌లు, కార్నర్లు. 2016 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలోనే 3-1తో ఓడించినప్పుడు రెండు గోల్స్ హుత్‌వి. ఒకటి మహ్రేజ్ ఫ్రీకిక్ నుంచి మూడో నిమిషంలో, మరొకటి ఫుక్స్ కార్నర్ నుంచి తలతో. ఎదురుదాడి జట్టు రెండు మూడు కార్నర్ ఎత్తుగడలు కంఠతా పట్టి ఉండాలి, ఎందుకంటే తొందరగా ఒక గోల్ వేస్తే ప్రత్యర్థి బయటికి రాక తప్పదు. అప్పుడు మనకు కావలసిన ఖాళీ దొరుకుతుంది.

రెండో మందు, బంతిని కావాలనే తిరిగి ఇచ్చేయడం. ఎక్కడపడితే అక్కడ ఇస్తే లాభం లేదు. డిఫెండర్ నుంచి పొడవుగా ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ వెనక మూలకు కొట్టండి. బంతి పక్క గీత దాటి వాళ్లకు త్రో-ఇన్ వస్తే మంచిదే. ఈలోపు మన మూడు వరుసలూ సగం గీత దాకా ఎక్కాలి. త్రో వేసేవాడికి దగ్గరలో వాళ్లు నలుగురుంటే మనం ఐదుగురం ఉండాలి, కాంటే పని చేసేవాడు త్రో పడే చోటుకు అడుగు ముందే ఉండాలి. అక్కడ బంతి లాక్కుంటే గోల్‌కు ముప్పై మీటర్లే. పాస్ లోపలికి వెళ్లేసరికి వాళ్ల సెంటర్‌బ్యాక్‌లు ఇంకా త్రో వైపే చూస్తుంటారు.